పదకొండు ప్రయాణాల్లో ఒకటి

కాగితం సోమవారం మధ్యాహ్నం నుంచీ డైనింగ్ టేబుల్ మీదే ఉంది. ఆ పూటా, మర్నాడు పొద్దునా ముగ్గురూ సోఫాలో కూర్చుని పళ్ళాలు ఒళ్ళో పెట్టుకుని తిన్నారు. టేబుల్ దగ్గరికి ఎందుకు వెళ్ళడం లేదని ఎవరూ ఎవరినీ అడగలేదు.

అరబ్బీలో ఒక పేజీ, ఇంగ్లీషులో ఒక పేజీ. అడుగున సాక్షి సంతకానికి గీత. గీత కింద పేరు ముందే టైపు చేసి ఉంది. ప్రేమజ్యోతి, స్టాఫ్ నర్సు, ఖతీఫ్. పైన ఉన్న సంగతి మూడే ముక్కలు. మార్చి తొమ్మిదో తేదీన నాకు ఆసుపత్రిలో ఆపరేషన్ జరిగింది. ఆ రోజంతా నా భర్త కొర్నేలు నా పక్కనే ఉన్నాడు. ఆయన ఖమీస్ ముషైత్ వెళ్ళలేదు.

మొదటి ముక్క నిజం. రెండోది అబద్ధం. మూడోది ఏమిటో ప్రేమజ్యోతికి సోమవారం నుంచీ అంతుపట్టడం లేదు.

కొర్నేలు క్రేన్లు తనిఖీ చేసే మనిషి. పని ధహ్రాన్‌లో, ఇల్లు ఖతీఫ్‌లో, జీతం ఇచ్చేది మాత్రం ఈ రెండింటికీ సంబంధం లేని ఒక సప్లై కంపెనీ. ఆ కంపెనీకి ఒక పద్ధతి ఉంది. ఇచ్చేదాంట్లో సగం జీతం అంటుంది, సగం ప్రయాణ ఖర్చు అంటుంది. ఖర్చు అని చూపించిన సగం మీద కంపెనీకి పన్ను మినహాయింపు దొరుకుతుంది. మరి ప్రయాణం ఉంటేనే కదా ఖర్చు. అందుకని ప్రతి నెలా ఒకటో తారీఖున పనివాళ్ళందరూ వరసగా నిలబడి ఖాళీ ట్రావెల్ షీట్ల మీద సంతకాలు పెట్టి ఇచ్చేస్తారు. ఊరూ తేదీ తర్వాత ఆఫీసులో నింపుకుంటారు. ఎంత దూరపు ఊరైతే అంత లాభం. కొర్నేలు షీట్ల మీద ఖమీస్ అని రాసేవారు. పదమూడు వందల కిలోమీటర్లు. ఏడాదిలో పదకొండుసార్లు వెళ్ళొచ్చాడు మహానుభావుడు, కాగితం మీద.

సంతకం పెట్టేటప్పుడు ఒక్కడి చెయ్యీ వణకలేదు. అందరూ పెడుతున్నారు, మనమూ పెడుతున్నాం. ఇంతోటి దానికి ఎవరైనా వకీలు దగ్గరికి వెళ్తారా?

కానీ మార్చి పదకొండున ఖమీస్‌లో ఒక క్రేన్ ఇనుప తాడు తెగింది. కింద గొలుసులు తగిలించే బాబ్జాన్ అనే రిగ్గర్ అక్కడికక్కడే పోయాడు. ఆ క్రేన్ భేషుగ్గా ఉందని రెండు రోజుల ముందు స్టిక్కర్ అంటించి రిపోర్టు ఇచ్చిన పేరు కొర్నేలుది. కేసు మెల్లగా మెల్లగా నడిచి ఈ నెలలో ఇంటి గుమ్మం ఎక్కింది. ముందు ధహ్రాన్ గేటు పాసు ఆగింది. తర్వాత ఇఖామా మీద, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డు మీద, దేశం దాటకుండా నిషేధం పడింది. ఆ తర్వాత కంపెనీ గుమస్తా షాకీర్ ఈ కాగితం తెచ్చాడు.

అతని ముందు కొర్నేలు అడ్డంగా తల ఊపాడు. నేను ఖమీస్ మొహం చూసి ఎరగను, పదకొండు ప్రయాణాలూ ఉత్తివే, నా ఖాళీ సంతకం మీద ఎవరో రిపోర్టు రాసేశారు అన్నాడు. ఎవరో అంటే ఎవరో అందరికీ తెలుసు. సంతకాలు పెట్టిన ఖాళీ షీట్లు ఉండేది టైంకీపర్ ఆఫ్తాబ్ సొరుగులో. ఆఫ్తాబ్ ఇదే బిల్డింగ్‌లో కింద అంతస్తులో ఉంటాడు. రాయచోటివాడు. ఆరేళ్ళుగా ఈ ఇంట్లో తన ఇల్లు అనుకునే తిరుగుతాడు, ప్రేమజ్యోతిని అక్కా అంటాడు.

మంగళవారం సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విడిచిందో లేదో, ప్రేమజ్యోతి అడిగేసింది.

“తొమ్మిదో తారీఖున మీరెక్కడున్నారండీ?”

కొర్నేలు టీవీ వైపే చూస్తున్నాడు. టీవీ ఆపేసి ఉంది.

“ఖమీస్ వెళ్ళలేదని చెప్పాను కదా.”

“అది షాకీర్‌కి చెప్పారు. వెళ్ళని ఊరు సంగతి నాకెందుకు? ఉన్న ఊరు చెప్పండి.”

కొర్నేలు లేచి ఏసీ తగ్గించి వచ్చి మళ్ళీ కూర్చున్నాడు. ఆమె నిలబడే ఉంది. భుజాన బ్యాగు కూడా దించలేదు.

ఆ రోజు ఆమెకి నిమిషాలతో సహా గుర్తుంది. షైని పుట్టిన పదహారేళ్ళకి, ఎవరూ అడగకుండా, ఎదురు చూడకుండా నిలిచిన కడుపు. నాలుగో నెల. పొద్దున ఏడింటికి బాత్రూంలో రక్తం కనబడింది. ఆసుపత్రిలో రోజూ చూసేదే, కానీ తన కాళ్ళ మీదుగా కారేటప్పటికి ఆమె నర్సు అన్న సంగతే మరిచిపోయింది. కొర్నేలుకి వరసగా మూడుసార్లు ఫోన్ చేసింది. మూడోసారి ఎత్తి, ఖమీస్‌లో ఉన్నాను, ఇప్పుడే బయల్దేరుతున్నాను, దారిలోనే ఉంటాను అన్నాడు. చీకటి పడి చాలాసేపయ్యాక వచ్చాడు. అప్పటికి అంతా అయిపోయింది. ఆ తర్వాత ఆ సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

ఇప్పుడేమో ఖమీస్ మొహమే ఎరగనంటున్నాడు. అప్పుడు అబద్ధం చెప్పాడా, ఇప్పుడు చెబుతున్నాడా? అప్పుడు చెప్పి ఉంటే, తను బల్ల మీద పడుకుని ఉన్నప్పుడు ఈ మనిషి ఎవరితో ఉన్నాడు? రెండు రోజులుగా ఆమె బుర్రలో తిరుగుతున్నది ఇదే. మొగుడు జైలుకి పోతాడేమోనన్న భయం అవతల కొండంత ఉంటే, ఆవిడ పట్టుకు వేలాడుతున్నది దీన్ని. ఏం చేస్తాం, ఆడమనిషి గుండె ముందు తన గాయమే చూసుకుంటుంది, మగవాడి గుండె అయితే అదీ చూసుకోదు.

“ఎవరి దగ్గరికి వెళ్ళారు?” అంది.

కొర్నేలుకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వబోయి మానేశాడు.

“జ్యోతీ, ఖమీస్‌లోనే ఉన్నాను.”

ఆమె బ్యాగు దించి నేల మీద పెట్టింది.

అప్పుడు చెప్పాడు, ఆగి ఆగి. పది ప్రయాణాలు ఉత్తివి. పదకొండోది నిజం. అక్కడ తనిఖీ చేసే మనిషి సెలవు మీద ఊరెళ్ళాడు, నువ్వే వెళ్ళాలని ఆఫీసు వాళ్ళు కంపెనీ పికప్‌లో ఎక్కించారు. బండి తోలినవాడు బంగ్లాదేశీ, ఏప్రిల్‌లో ఎగ్జిట్ కొట్టించుకుని సొంత దేశం వెళ్ళిపోయాడు. హోటల్ లేదు, టికెట్ లేదు, రసీదు లేదు. ఎన్నడూ వెళ్ళని ప్రయాణాలకి కట్టలు కట్టలు రసీదులున్నాయి. వెళ్ళిన ఒక్కదానికీ ఏమీ లేదు.

“ఆఫ్తాబ్‌కి తెలుసా మీరు నిజంగా వెళ్ళారని?”

“బండి తాళాలు ఇచ్చిందే వాడు.”

“మరి క్రేన్ చూశారా?”

“చూశాను.”

“ఎలా చూశారు?”

ఎదురింటి పిల్లవాడు మెట్ల మీద సైకిల్ ఈడ్చుకెళ్తున్న చప్పుడు వినిపించింది.

“పైకెక్కి చూడాలి. తాడు మీద గ్రీజు దట్టంగా పూసి ఉంటుంది. గుడ్డ పెట్టి తుడిచి, లోపల తీగలు తెగాయేమో వేలితో తడిమి చూడాలి. గంటన్నర పట్టే పని.” గొంతు సవరించుకున్నాడు. “ఎక్కలేదు. కింద నుంచి చూసి స్టిక్కర్ అంటించాను.”

“ఎందుకు ఎక్కలేదు?”

“నువ్వు ఫోన్ చేశావు కదా.”

ప్రేమజ్యోతి సోఫా అంచు మీద కూర్చుంది.

“ఏడుస్తున్నావు. రక్తం పోతోందన్నావు. పదమూడు గంటల దారి. పైకెక్కి తడుముతూ కూర్చోనా? బండెక్కి వచ్చేశాను. ఒక్కచోట ఆగితే ఒట్టు. నీళ్ళు కూడా తాగలేదు. నీకోసమే కదా వచ్చాను?”

“అంటే ఆ బాబ్జాన్ నా వల్ల పోయాడా?”

“నేనలా అనలేదు.”

“అనలేదు లెండి. అనకుండా తెచ్చి నా నెత్తిన పెట్టారు.”

కొర్నేలు మొహం చేతుల్లో పెట్టుకున్నాడు. ఏడుస్తున్నాడేమో అనుకుంది. ఏడవడం లేదు. వేళ్ళ సందుల్లోంచి టేబుల్ మీది కాగితాన్ని చూస్తున్నాడు. పద్దెనిమిదేళ్ళు కాపురం చేసిన మనిషి, ఆదివారం ఆదివారం ప్రార్థన చేయించే మనిషి, ఇలా వేళ్ళ సందుల్లోంచి చూడగలడని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

“ఈ కాగితం మీద నేను సంతకం పెడితే రిపోర్టు ఎవరు రాసినట్టు?” అని అడిగింది.

ఆఫ్తాబేనని ఇద్దరికీ తెలుసు.

లోపలి గది తలుపు తెరుచుకుంది. షైని వచ్చి గుమ్మంలో నిలబడింది. పన్నెండో తరగతి చదువుతున్న పిల్ల, అంతా విన్నదని మొహమే చెబుతోంది.

“అమ్మా, నాన్నకి ఎన్నేళ్ళు వేస్తారు?” అంది.

అదేదో కాలేజీ అడ్మిషన్ తేదీ అడిగినట్టు అడిగింది. ప్రేమజ్యోతి ఆ రాత్రంతా ఆ గొంతే విన్నది.

---

బుధవారం పదింటికి చెప్పినట్టే షాకీర్ వచ్చాడు. హైదరాబాద్ మలక్‌పేట మనిషి. తెల్లచొక్కా, వాసన కొట్టే అత్తరు, చేతిలో రెండు ఫోన్లు. వచ్చీ రాగానే పాప చదువెట్లుందని అడిగాడు, ఇంట్లో మొక్కలు బాగున్నాయన్నాడు. చావు కబురుని తియ్యగా చెప్పడం కోసమే కంపెనీలు ఇలాంటివాళ్ళని ఏరి ఏరి పెట్టుకుంటాయి.

ప్రేమజ్యోతి కాగితం ముందు కూర్చుంది. డ్యూటీకి సెలవు పెట్టింది. అడగవలసినవన్నీ ముందే అనుకుని ఉంది.

ఆసుపత్రి వాళ్ళు ఇచ్చిన డిశ్చార్జి కాగితాలు రెండు పేజీలు. రెండో పేజీలో రోగి వెంట వచ్చినవారి పేరు రాసే చోట ఆఫ్తాబ్ పేరూ ఫోన్ నంబరూ ఉన్నాయి. ఆ రోజు కింద అంతస్తు నుంచి పరిగెత్తుకొచ్చి, ఆమెని దుప్పటిలో చుట్టి కారెక్కించింది అతనే. అతని భార్య ఖుష్బూ ఆపరేషన్ గది బయట నేల మీద కూర్చుని సాయంత్రం దాకా దువా చదువుతూనే ఉంది. ఇదంతా ఆమె షాకీర్‌కి చెప్పలేదు. రెండో పేజీ కూడా జత చేయాలా అని మాత్రం అడిగింది. మొదటి పేజీ చాలు మేడం, తేదీ అందులో ఉంది గదా అన్నాడు. మరి ఆయన ఫోన్ ఆ రోజు ఎక్కడుందో పోలీసులు తీయలేరా అని అడిగింది. షక్ పడితేనే తీస్తరు, భార్య చెప్పినంక షక్ ఎందుకు పడుతది అన్నాడు.

ఇక మిగిలింది ఒకటే.

“ఆఫ్తాబ్‌ని ఏం చేస్తారు?”

షాకీర్ రెండు ఫోన్లూ బోర్లా పెట్టాడు.

“మేడం, మీరు పరేషాన్ గాకున్రి. దొంగ షీట్లు నింపిండని కేసు పెడతరు. జుర్మానా ఏస్తరు, అది కంపెనీ కడుతది. రెండు వారాల్ల ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపుతరు. గంతే. ఊర్ల దుకానం పెట్టుకుంటడు, మంచిగ బతుకుతడు. ఈయనైతె గట్ల గాదు. ఈయన పేరు మీద స్టిక్కర్ ఉన్నది. మనిషి సచ్చిండు. ఆ సచ్చినోని ఇంటోళ్ళు మాఫ్ చేసేదాంక లోపలనే.”

“రెండు వారాలేనా? నిజంగా?”

“అల్లా కసమ్.”

ఆ మాట ఆమె నమ్మింది. అబ్బే, నమ్మింది అంటే పెద్ద మాట. నమ్మడానికి ఏదో ఒకటి కావాలి, అతను ఇచ్చాడు, తీసుకుంది. ఎగ్జిట్ అంటే ఏముంది, ఎంతమంది వెళ్ళడం లేదు? ఆఫ్తాబే ఎన్నోసార్లు అన్నాడు, ఈ ఎడారి చాలు, రాయచోటి పోయి చెప్పుల షాపు పెట్టుకుంటానని. ఇంకా ఇలాంటివే నాలుగు అనుకుంది. అనుకున్నకొద్దీ సులువవుతోంది.

కొర్నేలు కిటికీ దగ్గర నిలబడి వీధిలోకి చూస్తున్నాడు. పెట్టమని అనడు. వద్దని అనడు. అదొక నేర్పు.

ప్రేమజ్యోతి ఇరవై ఏళ్ళ నర్సు. కొత్త పిల్లలకి ఆమె మొదటిరోజే చెప్పే పాఠం ఒకటుంది. నీ చేత్తో ఇవ్వని మందు ఇచ్చానని చార్టులో రాయకు, నీ కంటితో చూడని బీపీ చూశానని రాయకు, ఎంత పని ఒత్తిడి ఉన్నా సరే. అలా రాసినందుకు ఒక పిల్లని వార్డు మధ్యలో నిలబెట్టి కళ్ళనీళ్ళు పెట్టించింది కూడా.

పెన్ను షాకీర్‌దే. గీత మీద సంతకం పెట్టింది. అరబ్బీ పేజీ మీద ఒకటి, ఇంగ్లీషు పేజీ మీద ఒకటి. చెయ్యి వణుకుతుందేమో అని చూసుకుంది. వణకలేదు. అందుకు ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది.

షాకీర్ కాగితం ఊది ఆరబెట్టి సంచిలో పెట్టుకున్నాడు. చాయ్ వద్దన్నాడు. అతను గుమ్మం దాటాక, షైని గదిలోంచి వచ్చి తల్లిని గట్టిగా కావలించుకుంది. నాన్న ఇక్కడే ఉంటాడు కదా అమ్మా అంది. ప్రేమజ్యోతి ఊఁ అంది. కొర్నేలు మెల్లగా వచ్చి టేబుల్ ముందు కుర్చీ లాక్కుని కూర్చుని, ఆకలేస్తోంది ఏమైనా ఉందా అన్నాడు.

---

అదే రోజు మూడింటికి తలుపు చప్పుడయింది. తీస్తే ఆఫ్తాబ్. వెనకాల ఖుష్బూ, చేతిలో చిన్న సూట్‌కేసు.

తనని ఖమీస్ పోలీసులు పిలిచారట. షీట్ల సంగతి అడుగుతారట, రెండు రోజుల పని, సాయంత్రం విమానం. ఖుష్బూ ఒక్కతే ఇంట్లో ఉండలేదు, భయపడుతుంది, రెండు రోజులు ఇక్కడ ఉంచుకోమని అడగడానికి వచ్చాడు. అడగడం కూడా కాదు. అడగవలసిన ఇల్లు కాదని అతని ఉద్దేశం. సూట్‌కేసు తీసుకుని తనే లోపల పెట్టాడు.

“అన్న యాడున్నాడు?”

“జ్వరమొచ్చింది. పడుకున్నారు.”

గది తలుపు వేసి ఉంది. దాని వెనక కొర్నేలు మంచం మీద కూర్చుని ఉన్నాడని, పడుకోలేదని, ఊపిరి కూడా గట్టిగా పీల్చడం లేదని ఆమెకి తెలుసు. ఆఫ్తాబ్ తలుపు దగ్గరికి వెళ్ళాడు కానీ తట్టలేదు. వెనక్కి వచ్చి గొంతు తగ్గించాడు.

“అక్కా, అన్నకు చెప్పు, భయపడొద్దని. షీట్లన్నీ ఆఫీసు పద్ధతి, మేమే నింపేది అని చెప్పేస్తా. అది నిజమే గదా. అన్న ఆ పొద్దు ఖమీస్‌కు పోయిన మాట మాత్రం నేనెత్తను. అడిగినా నాకు తెల్దంటా.”

“ఎందుకు ఆఫ్తాబ్?” అంది.

“ఎందుకేంది? పోయినోడు మా ఊరోడే. బాబ్జాన్‌కు వీసా తెప్పిచ్చింది నేనే. వాని పెట్టెను రాయచోటికి పంపిచ్చింది నేనే. పోయినోడు యాడ తిరిగొస్తాడు? ఉన్నోళ్ళు కూడా పోవాల్నా? షైని సదువుకుంటాండాది.”

ప్రేమజ్యోతి నోరు తెరిచింది. ఒక్క మాట. వెళ్ళకు అంటే చాలు. లేదా, వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పు అంటే చాలు. షాకీర్ సంచిలో ఏముందో చెబితే చాలు. గది తలుపు వెనక మంచం కిర్రుమంది. ఆమె నోరు మూసుకుంది.

రెండు వారాల్లో ఎగ్జిట్, అంతే కదా అనుకుంది. చెప్పుల షాపు అనుకుంది.

“జాగ్రత్తగా వెళ్ళిరా” అంది పైకి.

ఆఫ్తాబ్ ఖుష్బూ తల మీద చెయ్యి వేసి, ఏదో ఉర్దూలో మెల్లగా చెప్పి వెళ్ళిపోయాడు. ఖుష్బూ కిటికీలోంచి కారు కనిపించినంతసేపూ చూసింది. ఆపైన వంటింట్లోకి వచ్చి, అక్కా నేనేం చేయాల చెప్పు అని చేతులు కడుక్కుంది.

కొర్నేలు ఆ పూట గదిలోంచి రాలేదు. జ్వరం అని చెప్పాక జ్వరం ఉండాలి కదా. షైని గంజి తీసుకెళ్ళి ఇచ్చింది.

---

గురువారం కొర్నేలు గేటు పాసు తిరిగి తెరిచారని ఫోన్ వచ్చింది. శనివారమో ఆదివారమో ఇఖామా మీది నిషేధం కూడా తీసేస్తారట. ఫోన్ పెట్టేసి అతను మోకాళ్ళ మీద పడి ప్రార్థన చేశాడు. ప్రభువా నీ మేలు మరువలేను అన్నాడు. షైని కూడా పక్కనే మోకరించింది. ప్రేమజ్యోతి పొయ్యి మీద పప్పు మాడుతోందని వెళ్ళింది. పప్పు మాడడం లేదు.

ఖుష్బూ సంతోషించింది. అన్నకు మంచి జరిగిందంటే మా ఆయన అక్కడ బాగా చెప్పినాడన్నమాట అంది. ఆ మాట విని కొర్నేలు కళ్ళు దించుకుని, అవునమ్మా అన్నాడు.

ఆఫ్తాబ్ నుంచి మాత్రం బుధవారం రాత్రి దిగానన్న ఒక్క కబురు తప్ప ఏమీ లేదు. గురువారమంతా ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. పోలీసుల దగ్గర ఫోన్ లోపలికి తీసుకెళ్ళనివ్వరు అక్కా, అంతే అయ్యుంటాది అని ఖుష్బూ తనకి తనే చెప్పుకుంది. అలా చెప్పుకున్న ప్రతిసారీ ప్రేమజ్యోతి మొహంలోకి చూసి, ఆమె తల ఊపేదాకా ఆగింది.

ప్రేమజ్యోతి షాకీర్‌కి నాలుగుసార్లు చేసింది. రెండు ఫోన్లూ ఎత్తలేదు.

శుక్రవారం జుమ్మా నమాజు అయి వీధి ఖాళీ అయింది. ఆడవాళ్ళిద్దరూ వంటింట్లో నేల మీద కూర్చుని బెండకాయలు తరుగుతున్నారు. కొర్నేలు హాల్లో షైనికి ఏదో లెక్క చెబుతున్నాడు. పది రోజుల తర్వాత అతని గొంతు మామూలుగా వినిపిస్తోంది.

ప్రేమజ్యోతి ఫోన్ మోగింది. తెలియని నంబరు.

“అక్కా, నేను. ఒక్క నిమిషం ఇచ్చినారు. ఖుష్బూ పక్కన ఉండాదా?”

“ఉంది.”

“అయితే నువ్వేం మాట్లాడొద్దు. ఊఁ కొట్టు సాలు.”

ప్రేమజ్యోతి లేచి నిలబడింది. ఖుష్బూ కత్తిపీట పక్కకి నెట్టి, ఎవరక్కా, ఆయనేనా అని సైగ చేసింది. ప్రేమజ్యోతి తల ఊపింది.

ఆఫ్తాబ్ త్వరత్వరగా చెప్పాడు. దొంగ షీట్ల కేసు కాదట. జుర్మానా కాదు, ఎగ్జిట్ కాదు. అన్న సంతకం ఉన్న ఖాళీ షీటు మీద తనిఖీ రిపోర్టు రాసింది నేనేనంటున్నారు, స్టిక్కర్ దొంగిలించింది నేనేనంటున్నారు, కంపెనీ వాళ్ళు కూడా అదే రాసిచ్చినారు అన్నాడు.

“బాబ్జాన్‌ను సంపింది నేనంట అక్కా. నన్ను లోపలేసినారు.”

ప్రేమజ్యోతి గోడకి చెయ్యి ఆనించుకుంది.

“నేను ఇంగ దాచి ఏం లాభమని నిన్న నిజం చెప్పేసినా. అన్న వచ్చినాడు, అన్నే క్రేన్ చూసినాడు అని. వాళ్ళు నవ్వినారు. సాక్షి ఉండాదంట. పేరు చెప్పల్యా. ఆడమనిషంట. ఆ పొద్దంతా అన్న ఆమెతో పాటు ఆసుపత్రిలో ఉన్న్యాడని సంతకం పెట్టిచ్చిందంట.”

అటు వెనకాల ఎవరో అరబ్బీలో కేక వేశారు. ఒక ఇనుప తలుపు మూసిన చప్పుడయింది. మళ్ళీ మాట్లాడినప్పుడు కోపం లేదు. ఏదో తప్పు గుర్తున్నట్టుంది, నువ్వు సరిచెయ్యి అని అడుగుతున్నట్టు ఉంది ఆ గొంతు.

“ఆ పొద్దు ఆసుపత్రిలో ఉన్నింది నేను గదక్కా?”

ఊఁ కొట్టమన్నాడు కదా. ప్రేమజ్యోతికి ఆ ఊఁ కూడా రాలేదు.

హాల్లో కొర్నేలు చెప్పడం ఆపేశాడు. గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. భార్య మొహం చూశాడు, ఫోన్ చూశాడు, నేల మీద కూర్చున్న ఖుష్బూని చూశాడు. చెయ్యెత్తి, ఫోన్ పెట్టెయ్ అన్నట్టు సైగ చేశాడు.

“సరేలే” అన్నాడు ఆఫ్తాబ్ అటునుంచి. “టైమ్ అయిపోయింది. ఖుష్బూకు ఇయ్యి ఫోను.”

ఖుష్బూ అప్పటికే లేచింది. చేతులు దుపట్టాకి తుడుచుకుని, మొహమంతా నవ్వు చేసుకుని చెయ్యి చాచింది.

“అక్కా, ఇటియ్యి” అంది.

ప్రేమజ్యోతి ఫోన్ చెవి దగ్గరే పట్టుకుని నిలబడింది. ఇవ్వలేదు.